మూడో కనకాంబరం కంకి

మొన్న మా ఎచ్చెర్ల ఇంటి గుమ్మం పక్కనున్న కనకాంబరం మొక్క తల వాల్చేసింది. నీళ్ళు తక్కువై వాలితే సాయంత్రానికి తేరుకునేది, ఇది తేరుకోలేదు. మర్నాడు వేలితో నొక్కి చూస్తే మొదలు మెత్తబడిపోయి ఉంది. నర్సరీ ఆయన్ని బతిమాలి పిలిపించాను. వేరు కుళ్ళిపోయిందనీ, పీకేసి ఢిల్లీ కనకాంబరం కొమ్మ ఒకటి గుచ్చుకుంటే ఏడాది పొడుగునా పూస్తుందనీ, దానికి గింజల గొడవే లేదనీ చెప్పాడు. మంచికే చెప్పాడు పాపం. ఆ గింజల కోసమే నా ప్రాణం కొట్టుకుంటోందని ఆయనకెలా చెప్పను?

మన వయసు వాళ్ళకి చెప్పనక్కరలేదు, నాటు కనకాంబరం పూలు రాలాక ఎండిన కంకి మీద నీటి చుక్క పడితే చాలు, కాయలు టపటపా పేలి గింజలు ఎక్కడెక్కడికో ఎగిరిపోతాయి. అందుకే ఆమదాలవలస దగ్గర మా ఊళ్ళో, పెరటి ఇసుక మడిలో అమ్మ ఎప్పుడూ మొక్క మొదట్లోనే నీళ్ళు పోసేది. విత్తనం కావలసినప్పుడు మాత్రం మొక్కల కింద పాత చీర పరిచి, చేత్తో నీళ్ళు చిలకరించి, ఆ చప్పుడు అయ్యేదాకా కదలకుండా కూర్చునేది. ఆ విత్తనం మా అమ్మమ్మ చేతిది. అమ్మమ్మ పోయాక అమ్మకు పుట్టింటిదంటూ మిగిలింది అదొక్కటే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మడికి తెగులు తగిలింది. ఈవేళ ఒక మొక్క, రేపు రెండు. అమ్మ బూడిద చల్లింది, వేపపిండి వేసింది, చివరికి మడిలో కూర్చుని మొక్కల్నే బతిమాలుకుంది. ఒక్కటీ నిలవలేదు. ఆఖరి మొక్కకున్న మూడు కంకులు కోసి, వాన చెమ్మ తగలకుండా పొయ్యి పైన దూలానికి వేలాడదీసింది.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కంకి నోట్లో పెట్టుకుంటే నాలుక మీద పేలుతుందని స్నేహితురాలి దగ్గర గొప్పకు పోయి, పీటల మీద పీటలు వేసి ఎక్కి, కంకులు దింపి, రెండు కంకులు ఒకదాని తర్వాత ఒకటి నోట్లో పెట్టుకున్నాను. పేలాయి. నవ్వుకుంటూ గింజలన్నీ వాకిట్లో వాన బురదలోకి ఉమ్మేశాను. అమ్మ పొలం నుంచి వచ్చి, సంగతి తెలిసి, ఆ బురదంతా చాటలోకి ఎత్తి జల్లెడలో కడిగి చీకటి పడేదాకా వెతికింది. ఏమీ దొరకలేదు. నేను మూడో కంకి పట్టుకుని ఎదురుగా నిలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాను. వీపు పగిలిపోతుందనుకున్నాను. అమ్మ లేచి, నా చేతిలోని కంకి తీసుకుని దూరంగా పట్టుకుంది.

"ఏడవకే. నీ కన్నీటి సుక్క పడినా పేలిపోతాది," అంది. అని, తను కూడా ముఖం అటు తిప్పేసుకుంది.

ఆ ఒక్క కంకితోనే మళ్ళీ మడి నిండింది. పెళ్ళై కొత్తవలస వెళ్ళినా, ఆ తర్వాత ఇక్కడికి వచ్చినా ఆ విత్తనం నాతోనే వచ్చింది. అడిగిన వాళ్ళకల్లా పంచాను, వాళ్ళందరూ ఒక్కొక్కరే ఢిల్లీ రకానికి మారిపోయారు. పోయినేడు నేనే విత్తనం తియ్యడానికి బద్ధకించాను, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఇప్పుడు మిగిలింది ఒక్క కంకి, అదీ సగం పచ్చిది. లోపల గింజ కట్టిందో లేదో తెలియదు. బయట ముసురు వదలడం లేదు. మా వీధిలో అందరి పెరళ్ళలోనూ కనకాంబరాలు తడుస్తున్నాయి, ఒక్క పెరట్లోంచీ చప్పుడు లేదు. మా మనవరాలికి అసలు ఆ చప్పుడే తెలియదు. కంకిని కాగితంలో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టుకుని, రోజుకు పదిసార్లు విప్పి చూసుకుంటున్నాను. దాన్ని నా చేతిలోంచి తీసుకోవడానికి అమ్మ లేదు కదా, ఏడుపు వచ్చినప్పుడు కంకిని నేనే దూరంగా పెట్టి, అప్పుడు ఏడుస్తున్నాను.