గుంజ జరిగిన ఏడాది

నెవిల్ బ్లెంకిన్‌కు జాగ్రఫీ ముక్క రాదు. అయినా ఏ యూనివర్సిటీ జాగ్రఫీ ఎలాంటిదో చెప్పమంటే చెప్పగలడు. యార్క్‌షైర్ తూర్పు తీరంలో, ఏటా రెండు మీటర్ల నేల సముద్రంలోకి జారిపోయే బంకమట్టి గట్టు మీద ఆయన ఇల్లు, ఇంటిని ఆనుకుని టీ కొట్టు. నేల కరిగిపోవడం కళ్లారా చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదని, మే నెల వచ్చిందంటే బస్సులకు బస్సులు కాలేజీ పిల్లలు దిగుతారు. ముప్పై ఏళ్లు వాళ్లకు టీ పోసి నెవిల్ ఒక లెక్కకు వచ్చాడు. నీలం బస్సు వాళ్లు బూట్ల బురద బయటే దులుపుకుంటారు, కనుక మంచి యూనివర్సిటీ. ఆకుపచ్చ బస్సు వాళ్లు కప్పులు గట్టు చివరే వదిలేసి పోతారు, కనుక అక్కడ చదువు అంతంత మాత్రం. గట్టు కరుగుతుందని చదువుకోవడానికి వచ్చి కప్పులు గట్టు చివర పెట్టేవాళ్లకు ఏం తలకెక్కినట్టు?

ఆయన కూతురు రొవీనా ఈ ఏడాది జాగ్రఫీ డిగ్రీకి అయిదు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టుకుంది. నాలుగు రమ్మన్నాయి. జూన్ మొదటివారంలోగా అందులో ఒకదానికి వస్తానని మాటివ్వాలి. ఆమె మనసు డాక్టర్ కెల్సాల్ అనే ప్రొఫెసరమ్మ ఉన్న యూనివర్సిటీ మీద పడింది. నెవిల్‌కు అదొక్కటి తప్ప ఏదైనా సమ్మతమే.

కారణం కొట్టు పక్కన పాతిన ఇనుప గుంజ. దాన్ని పాతింది కెల్సాలే, అప్పుడావిడ కుర్ర లెక్చరర్. ఏటా మే నెలలో ఆవిడ తీసుకొచ్చే కాలేజీ పిల్లల్లో ఒకడు గుంజ దగ్గర టేపు పట్టుకుంటాడు, ఇంకొకడు గట్టు అంచుకు వెళ్లి దూరం ఎంతో గట్టిగా అరుస్తాడు, మూడోవాడు పుస్తకంలో రాసుకుని తిరిగి అరుస్తాడు. ఊరు ఊరంతా వినాల్సిందే. నిరుటి అంకె, ఈ ఏటి అంకె తీసివేస్తే సముద్రం ఎంత మింగిందో తెలుస్తుంది. ఆ గుంజ కదలకూడదు. దాని ఉద్యోగమే అది.

ఎనిమిదేళ్ల కిందట నెవిల్ దాన్ని కదిలించాడు.

ఆ వసంతంలో ఆయన భార్య ఐలీన్ మంచం దిగలేకపోయింది. మంచాన్ని కిటికీ పక్కకు లాగారు. ఆమె రొట్టె అడగలేదు, మందు అడగలేదు, ఈసారి గట్టు ఎంత పోతుందో అని ఒకటే అడిగేది. ఈ ఒక్క ఏడూ ఏమీ పోకుండా ఉంటే బాగుండునంది. నెవిల్ దేవుణ్ణి పెద్దగా ఎరగడు, పార మాత్రం ఎరుగును. బస్సు వచ్చే ముందురోజు పొద్దున్నే టేపుతో కొలుచుకున్నాడు. రెండు మీటర్ల పది సెంటీమీటర్లు పోయింది. గుంజను పీకి సరిగ్గా రెండు మీటర్ల పది ఇంటివైపు జరిపి పాతి, గడ్డి తెచ్చి కప్పాడు. మర్నాడు పిల్లలు టేపు లాగి, ముప్పై ఒకటి పాయింట్ నాలుగు అని అరిచారు. నిరుటి అంకే. జులైలో ఐలీన్ పోయింది. గుంజ అక్కడే ఉండిపోయింది.

అప్పటినుంచి నెవిల్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఊరుకుని బతికిపోయేవాడే, రొవీనాతో కలిసి ఆ యూనివర్సిటీ చూడ్డానికి వెళ్లకపోతే. అక్కడ గోడ మీద, మనిషంత ఎత్తున, తన గట్టు గ్రాఫు. గీత మెట్లు దిగినట్టు దిగుతూ ఒక్క ఏడాది దగ్గర బల్లపరుపుగా ఉంది. ఆ ఏడాది గట్టు అడుగున ఇసుక మేటవేసి కాపాడిందని, అది తేల్చడానికి తమకు మూడేళ్లు పట్టిందని కెల్సాల్ తల్లిదండ్రులందరికీ చెప్పింది. నెవిల్ బిస్కెట్ల పళ్లెం కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చింది మొదలు వంకలు. అక్కడ వానలెక్కువన్నాడు. ఆ ప్రొఫెసరమ్మ టీలో పాలు పోసుకోదు, అలాంటి మనిషిని నమ్మలేమన్నాడు. నీలం బస్సును ఆకాశానికెత్తాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే, గుంజలూ కొలతలూ అంత పట్టించుకునే చోట పిల్లలు ఎదగరని కూడా అన్నాడు. రొవీనా అన్నీ విని, తలూపి, వెళ్లి చదువుకునేది. అక్కడ చేరితే ఎప్పుడో ఒకప్పుడు ఆ గీత చూస్తూ ఇది అబద్ధమని పట్టేస్తుంది, తన తండ్రి ఎలాంటివాడని నలుగురిలో తలదించుకుంటుంది. నెవిల్ భయమల్లా అదే.

గడువు రోజు మధ్యాహ్నం కొట్టులో బేరం లేదు. రొవీనా బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. నెవిల్ చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆగమ్మా. అది నొక్కేముందు నీకొకటి చెప్పాలి," అన్నాడు. "ఆ గుంజ లేదూ, దాన్ని నేనే జరిపాను."

"తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"రెండు మీటర్ల పది. తర్వాత పాత గుంట దగ్గర్నుంచి నేనే కొలిచా. బడికి వెళ్లకుండా అమ్మ పక్కన పడుకున్నా కదా ఆవేళ. కిటికీలోంచి చూశాం. ఎంత ఆయాసపడ్డావో."

నెవిల్‌కు ఒక మాట ఆలస్యంగా తలకెక్కింది. "చూశాం అంటే?"

"అమ్మే ముందు చూసింది. నన్ను లేపి చూపించింది."

గుంజ జరిపిన మర్నాడు అంకె వినగానే ఐలీన్ ఆయన చెయ్యి పట్టుకుని, చూశావా ఒక్క అంగుళం కూడా పోలేదు అని ఎంత సంబరపడిందో ఆయనకు నిన్నటిలా గుర్తుంది. ఎనిమిదేళ్లుగా ఆ సంబరం ఒక్కటే దిక్కుగా ఉన్నాడు.

"మరి నాతో ఒక్కసారీ అనలేదేం?"

"నన్నూ అనొద్దంది. మీ నాన్నకి అబద్ధం చెప్పడం చేతకాదే, ఇన్నాళ్లకి ఒక్కటి చెప్తున్నాడు, మనం నమ్మకపోతే ఎలా అంది."

నెవిల్ గుడ్డతో బల్ల తుడిచాడు. బల్ల శుభ్రంగానే ఉంది. ప్రొఫెసరమ్మకు చెప్పాలి కదా అని అడిగాడు. చెప్పాలనే రొవీనా అంది. అక్కడ చేరాక ఆ గీతను తనే సరిచేస్తానని, కారణం కూడా రాస్తానని అంది.

"అమ్మ పేరు రాస్తావా?"

"రాయకుండా కారణం ఎలా చెప్తా?"

నెవిల్ ముక్కు ఎగపీల్చి, కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు.

"సరే," అన్నాడు. "నొక్కు."