ఉన్నికి వేసే రంగు

ఇవాళ పొద్దున్న పెరటి గుమ్మంలో అడుగుపెట్టగానే ముక్కుకి తగిలిన వాసన ఏమిటో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. మా అమ్మాయి నిన్న సాయంత్రం ఇనప మూకుడులో గోరింటాకు పొడి, కరక్కాయ పొడి టీ డికాక్షన్‌తో కలిపి నానబెట్టిందట. తెల్లారేసరికి అది నల్లగా చిక్కబడి, తుప్పూ వగరూ కలిసిన వాసన వేస్తోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో దాని పెళ్ళి. "ఫొటోల్లో పెళ్ళికూతురి తల్లిలా ఉంటావో, అమ్మమ్మలా ఉంటావో నువ్వే తేల్చుకోమ్మా" అని మూకుడు నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. పదేళ్ళుగా రంగు వేసుకుంటున్నదాన్ని నాలుగు నెలల కిందట మానేశాను. ఇప్పుడు పాపిడి పొడుగునా తెలుపు, దాని కింద నలుపు, చివళ్ళు ఎరుపు. అద్దంలో చూసుకుంటే ఎవరి తలనో అరువు తెచ్చుకున్నట్టుంది. ఈ తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే బడిలో ఒక పిల్ల మొన్న దగ్గరికొచ్చి, "టీచరుగారండీ, మీకు ఒంట్లో బాగోలేదాండీ?" అని అడిగింది. బాగానే ఉందన్నాను కానీ, ఎందుకు మానేశారని అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

ఆ తుప్పు వాసన నాకు ఏలూరులో, మా ఇంటి వెనక సందులో, మస్తాన్ సాయిబుగారి పెరట్లో పరిచయం. రెండో ప్రపంచ యుద్ధం రావడానికి మూడు నాలుగేళ్ళ ముందు మాట. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ సందులో తివాచీలు నేసే ఇళ్ళు వరసగా ఉండేవి. వాళ్ళకి కావలసిన ఉన్నికి రంగులద్దడం సాయిబుగారి పని. పెరట్లో ఇటికల పొయ్యిల మీద రాగి గంగాళాలు ఎప్పుడూ కుతకుత ఉడుకుతూ ఉండేవి. వెదురు దండేల మీద ఎరుపు, నీలం, పసుపు ఉన్ని దారపు చిలపలు నీళ్ళోడుతూ వేలాడేవి. ఆ నీళ్ళన్నీ కలిసి సందు పక్క కాలవలో పారేవి. పొద్దున్నే లేచి ఇవాళ కాలవ ఏ రంగో ముందు చూసిన వాళ్ళు మాలో ఆ రోజుకి గొప్పవాళ్ళు. ఎర్రకాలవ నాడు చింతపిక్కలాట, నీలికాలవ నాడు తొక్కుడుబిళ్ళ అని మాకు మేమే ఒక చట్టం చేసుకున్నాం. నల్లకాలవ నాడు మాత్రం ఎవరం గడప దాటేవాళ్ళం కాదు. ఆ రోజు పాదాలకి అంటుకున్నది వారం రోజులు పోయేది కాదు, ఇంట్లో దెబ్బలు తప్పేవి కాదు.

మా ఇంట్లో దెబ్బలు కొట్టే అధికారం అత్తయ్యది. ఆవిడ మా నాన్నకి అక్క. ఇరవై ఏళ్ళకే భర్త పోతే, ఆనాటి ఆచారం ప్రకారం తల తీయించేసి ముసుగు కప్పి పుట్టింటికి పంపేశారట. నా ఆరో ఏట మా అమ్మ జ్వరంతో పోయిన దగ్గర్నుంచి ఇల్లూ నేనూ నాన్నా అందరం ఆవిడ చేతి కిందే. వేసవి వస్తే గుమ్మడి వడియాలు, ముక్కల పచ్చడి, వానలొస్తే పనస పొట్టు కూర, అట్లతద్దికి తెల్లవారకుండానే లేపి గోంగూర పచ్చడితో చద్దన్నం, చవితికి ఉండ్రాళ్ళు. అన్నీ ఆవిడకి అందరికంటే ఒకరోజు ముందే అయిపోవాలి. నా జడ మాత్రం ఆవిడకి చేతకాదు. ముప్పై ఏళ్ళుగా జుట్టు ముట్టని చేతులు కదా, దువ్వెన దింపితే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

నాన్న కాలవల ఆఫీసులో గుమాస్తా. మితభాషి. ఏ పడవ ఎప్పుడు లాకు దాటిందో, కాలవకి నీళ్ళు ఎప్పుడు వదిలారో రాసుకుంటూ జీవితం గడిపినవాడు కాబట్టి రాసినదానికీ జరిగినదానికీ తేడా ఉంటే ఆయనకి నిద్రపట్టేది కాదు. అమ్మ పోయిన ఏడాదిలోనే ఆయన తల నెరిసింది. చెవుల పక్కన మొదలై, నేను చూస్తూ ఉండగానే నడినెత్తికెక్కింది. ఆఫీసుకి తలపాగా చుట్టుకునేవాడు కాబట్టి బయటివాళ్ళకి అంతగా తెలియదు. ఇంట్లో ఆయన భోజనానికి కూర్చుంటే నేను వెనకనుంచి వెళ్ళి ఎక్కడైనా కొత్తవి వచ్చాయేమోనని లెక్కపెట్టేదాన్ని.

ఆ ఏడు మాఘంలో అత్తయ్య నాన్నకి ఒక సంబంధం తెచ్చింది. కొల్లేటికి అవతల, మండవల్లి వైపు ఒక లంకలో ఉండే కుటుంబం. పిల్ల పేరు రాజ్యం, పద్దెనిమిదేళ్ళు. నాన్నకి అప్పటికి నలభై మూడు. అత్తయ్య వాళ్ళతో ముప్పై అయిదని చెప్పేసింది.

"ఒరే తమ్ముడూ, ఎనిమిదేళ్ళేగా తగ్గించాను. దానికే ఇంత ఆలోచనా? తలకి కాస్త రంగు వేసుకుంటే సరిపోతుంది" అంది.

"వేసుకుంటే ఆ పిల్లని మోసం చేసినట్టు. వేసుకోకపోతే నిన్ను అబద్ధాలకోరుని చేసినట్టు. ఏం చెయ్యమంటావక్కయ్యా?" అన్నాడు నాన్న.

పది రోజులు ఆయన అదే వరస. గడ్డం గీసుకునే అద్దం ముందు నిలబడి తల ఇటూ అటూ తిప్పి చూసుకునేవాడు. ఉదయం వేసుకుందామనేవాడు, ఆఫీసునుంచి వచ్చాక వద్దనేవాడు. నన్ను కూడా అడిగాడు, "నీకెలా ఉంటే బాగుంటుందే బుల్లీ?" అని. నాకేం తెలుసు? మారుటితల్లి వస్తే తిండి పెట్టదని పక్కింటి పిల్లలు చెప్పారు. కొత్తమ్మ వస్తే జడ వేస్తుందని అత్తయ్య చెప్పింది. రెండూ నిజమేననిపించేది. నల్లగా ఉంటే బాగుంటుందన్నాను, మర్నాడు తెల్లగానే బాగుందన్నాను. నాన్న రెండుసార్లూ తలూపాడు.

చివరికి తేల్చింది అత్తయ్యే. నన్ను వెంటబెట్టుకుని వెనక సందులోకి వెళ్ళి, సాయిబుగారి గుమ్మం బయటే నిలబడి, సంగతంతా చెప్పి నల్లరంగు ఇమ్మంది. ఆయన గంగాళంలో కర్రతో కలియబెడుతున్నవాడల్లా ఆగిపోయాడు. మోచేతుల దాకా నీలం, గడ్డం మాత్రం తెల్లగా మెరుస్తోంది.

"అమ్మగారూ, ఇది ఉన్నికి వేసే రంగండి. మనుషులకి కాదండి."

"ఉన్ని అయితే మాత్రం ఏవిటి సాయిబూ, గొర్రె జుట్టేగా!"

"నిజమేనండి. కానీ గొర్రెకి పెళ్ళిచూపులుండవు కదండీ" అని, నవ్వకుండా, "మరిగే నీళ్ళలో వేస్తేనే పట్టుకుంటుందండి ఈ రంగు. అయ్యగారి తలని ఎలా మరిగిస్తామండి?" అన్నాడు.

"గోరువెచ్చగా పోస్తాను. నాలుగుసార్లు పోస్తే అదే పడుతుంది. నా నెత్తిమీద జుట్టుండుంటే ముందు నాకు పోసుకుని చూసేదాన్ని" అంది అత్తయ్య. ఆయన కరక్కాయల కషాయం, అన్నభేది అనే పచ్చటి ఇనప ఉప్పు కరిగించిన నీళ్ళు రెండు ముంతల్లో పోసి ఇచ్చాడు. రెండూ కలిస్తే నల్లబడుతుందట.

పెళ్ళిచూపుల ప్రయాణానికి ముందురోజు నాన్నని పెరట్లో పీటమీద కూర్చోబెట్టి అత్తయ్య నాలుగుసార్లూ పోసింది. ఎండలో ఆరబెట్టింది. రంగు జిడ్డుకి వదిలిపోకూడదని నూనె రాయనివ్వలేదు. సాయంత్రానికి నాన్న తల కాకిలా నల్లబడింది. పిలిస్తే నేను దగ్గరికి పోలేదు. మా ఇంట్లో ఎవరో మా నాన్న గొంతుతో మాట్లాడే కొత్తమనిషి తిరుగుతున్నట్టుంది. ఆయన కూడా నొచ్చుకున్నట్టే కనిపించాడు, అద్దం జోలికి మళ్ళీ పోలేదు.

ఏలూరులో చీకటి ఉండగానే ఎడ్లబండి ఎక్కి, కొల్లేటి గట్టున దిగి, పడవ ఎక్కాం. కిక్కిస పొదల మధ్య సన్నటి నీటిబాటలో పడవవాడు గెడ వేస్తుంటే బాతుల గుంపులు ముందర ముందరే లేచి ఇంకో చోట వాలేవి. తామరాకుల మీద నీళ్ళు దొర్లేవి. నాచు వాసన, చేపల వాసన, నానిన గడ్డి వాసన అన్నీ కలిసి గాలి బరువుగా ఉండేది. జాలరివాళ్ళు చేపలు పట్టే మావులెత్తుకుంటూ మా పడవవాడిని పలకరించి, "పెళ్ళివారాండీ?" అని నాన్నని అడిగేవారు. అత్తయ్య అవునండీ అనేది, నాన్న నీళ్ళలోకి చూసేవాడు. ఆ గాలికి నా జుట్టు చిక్కుపడి గూడులా తయారైంది. నాన్న తలపాగా బిగించి కట్టుకున్నాడు. పొద్దెక్కేకొద్దీ ఎండ ముదిరింది, తలపాగా కింద తల ఉడుకుతోందని నాకెలా తెలుస్తుంది?

లంకలో దిగగానే నన్ను లోపలికి తీసుకుపోయారు. గుమ్మం వారగా నిలబడ్డ పొడుగాటి అమ్మాయి నా తల చూసి నవ్వి, "ఇలా రా, ఇలా ఉంటే ఎలా?" అని తన ముందు కూర్చోబెట్టుకుంది. ఆమే రాజ్యం. కొసలనుంచి మొదలుపెట్టి, పైన వేలితో అదిమిపట్టి, ఒక్క వెంట్రుక లాగకుండా చిక్కు తీసింది. అమ్మ పోయాక అలాంటి చెయ్యి నా తలమీద పడలేదు. జడ అల్లుతూ, "మీ నాన్నగారికి కోపం ఎక్కువా?" అని అడిగింది. లేదన్నాను. ఆ జడ పూర్తయ్యేసరికి నాకు అనుమానాలన్నీ తీరిపోయాయి. ఈమె మా ఇంటికి రావాలి, అంతే. అంత గట్టిగా నేను అంతకుముందు దేన్నీ కోరుకోలేదు.

చావట్లో చాప పరిచి నాన్నని కూర్చోబెట్టారు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నల్లటి తల చూసి రాజ్యం తండ్రి మొహం తేటపడింది. రాజ్యం అప్పాల పళ్ళెం పట్టుకుని, పద్ధతి ప్రకారం తల వంచుకుని వచ్చింది. పళ్ళెం దించడానికి వంగింది. అప్పుడు నాన్న చెవి వెనకనుంచి ఒక నల్లటి చార మెల్లగా దిగి, దవడ మీదుగా జారి, తెల్లటి ఉత్తరీయం మీద చుక్కలు చుక్కలుగా పడింది. రాజ్యం ఆ చుక్కలు చూసింది, అవి ఎక్కణ్ణుంచి పడుతున్నాయో చూడ్డానికి కళ్ళెత్తింది, పకపకా నవ్వింది.

చావట్లో ఉన్నవాళ్ళందరూ నాన్న వైపు తిరిగారు. నాన్న మెడ తడుముకుని వేళ్ళు చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"నాకు ముప్పై అయిదు కాదండి, నలభై మూడు. క్షమించండి" అని దణ్ణం పెట్టి, నా చెయ్యి పట్టుకుని రేవువైపు నడిచాడు. వెనకనుంచి ఎవరో "ఏవండీ, ఏవండీ" అని పిలుస్తూనే ఉన్నారు. ఆయన ఆగలేదు.

పడవలో వంగి కొల్లేటి నీళ్ళు దోసిళ్ళతో తలమీద పోసుకున్నాడు. నల్లనీళ్ళు పడవ పక్కన కాస్త దూరం మాతోనే వచ్చి కలిసిపోయాయి. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, నాన్న అవమానపడ్డాడని కాదు, ఆ చేతులు పోయాయని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రాజ్యం అంటే ఇష్టమూ పోలేదు, నాన్నని చూసి నవ్విందని కోపమూ తగ్గలేదు. ఆ రెండింటినీ ఏం చేసుకోవాలో తెలియక జడ విప్పకుండా నాలుగు రోజులున్నాను.

తరవాత సంబంధాలు రాకపోలేదు. "ఒక పిల్ల నవ్వింది, చాలు" అనేవాడు నాన్న, ఇంకో మాట ఉండేది కాదు. యాభై వచ్చేసరికి తల ముగ్గుబుట్టయింది. ఇంకో ఇరవై ఏళ్ళు బతికి, నా పెళ్ళి చేసి, అత్తయ్యని సాగనంపి, ఒంటరిగానే పోయాడు.

నాలుగు నెలల కిందట పెదపాడులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను పట్టి పట్టి చూసి, "మీది ఏలూరు కదూ? కాలవల ఆఫీసు గుమాస్తాగారి అమ్మాయివా?" అంది. నాన్న పోలిక నాలో అంత ఉంది కాబోలు. ఆవిడ తల పూర్తిగా తెల్లగా ఉంది, నవ్వితే మాత్రం నాకు లంకలో చావడి కనిపించింది. రాజ్యంగారికి ఆ తరవాత ఏడాదికే పెదపాడులోనే పెళ్ళయిందట, నలుగురు పిల్లలట. చేతులు కడుక్కున్నాక అరుగు మీద కూర్చుని, నలభై ఏళ్ళు దాచుకున్న ప్రశ్న అడిగేశాను.

"ఆ రోజు మా నాన్న తెల్లజుట్టుతో వచ్చుంటే ఒప్పుకునేవారాండీ?"

"ఎందుకొప్పుకుంటానమ్మా, పద్దెనిమిదేళ్ళదాన్ని."

"మరి ఆ రంగు కారకుండా ఉండుంటే?"

"తల ఎత్తి చూసేదాన్నే కాదు. మా నాన్న ఎవరికిస్తే వాళ్ళతో పోయేదాన్ని, ఏడుస్తూ పోయేదాన్ని. ఆ చార కారబట్టే చూశాను. అంత పెద్దమనిషి, మొహమంతా చెమటపట్టి, బడిలో తప్పు చేసిన కుర్రాడిలా కూర్చున్నారు. ముద్దొచ్చి నవ్వానమ్మా. నచ్చారు కాబట్టే నవ్వాను. పిలుస్తుంటే వినకుండా పోయారు. రేవుదాకా పిలిచింది నేనే."

ఇంటికి పోదామని ఏలూరు వెళ్ళే బస్సు ఎక్కాను, ఎక్కడ దిగానో గుర్తులేదు. ఆ వారంనుంచే రంగు మానేశాను. మానెయ్యమని ఆవిడ చెప్పలేదు, వేసుకోమనీ చెప్పలేదు.

మస్తాన్ సాయిబుగారి పెరడు ఉన్నచోట ఇప్పుడు బియ్యం కొట్టుంది. తివాచీల మగ్గాలు ఇంకా ఒకటి రెండు ఆడుతున్నాయి కానీ ఉన్నికి డబ్బాల్లో వచ్చే రంగులే, కాలవలో అన్ని రోజులూ ఒకే బురద. కొల్లేటిలో మేం పడవెక్కిన చోట గట్లు వేసి చేపల చెరువులు తవ్వారు, లంకకి బస్సులో పోవచ్చు. అత్తయ్య లేదు. ఆవిడలా తల తీయించుకున్న ఆడవాళ్ళు కూడా లేరు, అదొక్కటీ పోయినందుకు సంతోషమే. మా అమ్మాయి స్నానాలగదిలోంచి, "తేల్చుకున్నావా లేదా?" అని కేకేస్తోంది. తేల్చుకోలేదు. నలుపో తెలుపో తేలితే మనిషి బాగుపడతాడని అనుకోవడానికి నాకిప్పుడు ఆధారమేమీ మిగల్లేదు. పెళ్ళికి తొమ్మిది రోజులుంది, ఏదో ఒకటి అవుతుంది. నాన్నకి మాత్రం ఒక్క మాట చెప్పాలని ఉంది, చెప్పే దారి లేదు: ఆమె వెక్కిరించలేదు నాన్నా, రేవుదాకా పిలుస్తూ వచ్చింది, నువ్వు ఒక్కసారి వెనక్కి తిరిగితే బాగుండేది.