ఈశాన్యానికి వాల్చిన కప్పు

టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ తండాలో లచ్చిరాం ఇల్లెక్కడ అని అడిగారనుకోండి, ఏ లచ్చిరాం అని ఎదురు ప్రశ్న వేస్తారు. ముగ్గురున్నారు మరి. 'మంచు లచ్చిరాం' అనండి, బర్రెలు తోలుకెళ్లే ముసలమ్మ కూడా ఆగి చేయెత్తి ఇల్లు చూపిస్తుంది. ఎండాకాలం ఇనుప మంచం మీద చేయి పెడితే బొబ్బలెక్కే ఊళ్లో ఒక మనిషికి ఆ పేరు రావడం చిత్రమే. అంతకన్నా చిత్రం, మంచు లచ్చిరాం మంచును ముట్టుకున్న పాపాన పోలేదు.

అతని పని ఇళ్ల కప్పులు. మృగశిర కార్తె ముందు గూనపెంకులు దించి, పగిలినవి ఏరేసి, మళ్లీ నేయడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. పెంకులు పోయి రేకులొచ్చాక రేకులు నేర్చుకున్నాడు. ఆ రెండో చదువు కారేపల్లి దగ్గర వెంకటనారాయణ గారి పశువుల కొట్టాల మీద సాగింది. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న ఆసామి, వాస్తు పిచ్చి కాస్త ఎక్కువ. కింద కుర్చీ వేసుకుని కూర్చుని, "కప్పు నీళ్లు ఈశాన్యానికే పడాలి లచ్చిరామూ. వేరే వైపు పోయాయా, ఆ ఇంట్లో సిరి నిలవదు" అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. లచ్చిరాం మనసులో ఆ మాట మేకులా దిగిపోయింది. ఆ తరువాత ఎవరి ఇల్లు కప్పినా ముందు ఈశాన్యం ఎటో చూసుకున్నాకే నిచ్చెన వేసేవాడు.

ఒక ఏడు ఖమ్మంలో ఒక కంట్రాక్టరు రేకుల పనివాళ్ల కోసం వెతికాడు. పని లేహ్‌లో. హిమాలయాల అవతల, గాలి కూడా పలచగా ఉండే పట్నం. అక్కడ ఇళ్లకు మట్టి మిద్దెలు. ఈ మధ్య లేని వానలు కురిసి మిద్దెలు కారుతున్నాయని జనం రేకులు వేయించుకుంటున్నారట. లంబాడీ మాట్లాడేవాడికి హిందీ నోరు తిరగడం ఎంతసేపు! లచ్చిరాం సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

దిగిన రెండో రోజే తల పగిలిపోయే నొప్పి, వాంతులు. తోటివాళ్లు పనికి పోయారు. పక్కింటి ముసలావిడ వచ్చి, ఏమీ అడక్కుండా చేయి పట్టుకుని తన వంటింట్లోకి తీసుకుపోయి పొయ్యి పక్కన పడుకోబెట్టింది. మూడు రోజులు. ఉప్పూ వెన్నా వేసిన చాయ్ పట్టించింది. మొదటి గుక్క ఉమ్మేశాడు. మూడో రోజుకి తనే అడిగి తాగాడు. అందరూ ఆమెను ఆమలే అనేవారు. వాళ్ల భాషలో అమ్మగారని. అంత పొడుగు మర్యాద ఎందుకని ఇతను ఆమా అన్నాడు. ఆమె లచ్చీ అంది. కన్నతల్లి పోయాక ఆ ముద్దుపేరుతో పిలిచినవాళ్లు లేరు.

అలా నాలుగు వేసవులు వెళ్లొచ్చాడు. మేలో పోవడం, దసరా నాటికి తిరిగి రావడం. చలికాలం రోడ్లు మూసేస్తారు, పనులు ఆగిపోతాయి. దూరపు కొండల నెత్తిన తెల్లగా కనబడడమే తప్ప మంచు కురిసేటప్పుడు పనివాడన్నవాడెవడూ అక్కడ ఉండడు. వచ్చీ రాగానే తండా అంతా చుట్టూ చేరి "మంచు ఎట్లుంటది?" అని అడిగేది. మొదటిసారి నిజమే చెప్పాడు. "గంతేనా?" అని లేచిపోయారు. తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆమా చెప్పిన కథలన్నీ తను చూసినట్టే చెప్పాడు. నడుం లోతు మంచు, ఆకాశం నుంచి పత్తి దూదేకినట్టు పడడం, పొద్దున్నే పారలు పట్టుకుని కప్పులెక్కడం. భార్య ద్వాలి అందరికన్నా ముందు కూర్చుని నోరు తెరుచుకుని వినేది. అబద్ధం రుచి మరిగితే ఆగుతుందా?

నాలుగో వేసవి చివర ఆమా తన మిద్దె కూడా కారుతోందని అంది. లచ్చిరాం కూలి వద్దన్నాడు. తొమ్మిది రోజులు ఒక్కడే కప్పాడు. ఒంటి వాలు కప్పు. ఆ ఇంటి గుమ్మం సరిగ్గా ఈశాన్యంలో ఉంది. ప్రాణం లేచొచ్చింది అతనికి. వెనక్కి వాల్చు, గుమ్మం మీదికి వద్దు అని పక్కింటివాళ్లు ఒకటికి రెండుసార్లు చెప్పారు. వింటేగా! ఈ ఇంట్లో సిరి నిలవాలి, ఆమా చల్లగా ఉండాలి, అంతే అతని ధ్యాస. ఆమె పైకి చూసి, "నీకు తెలుసు కదా లచ్చీ" అని నవ్వి ఊరుకుంది.

జనవరిలో వీడియో వచ్చింది. లచ్చిరాం మంచం మీద కూర్చుని చూస్తున్నాడు, ద్వాలి భుజం మీదుగా తొంగి చూస్తోంది. ఆమా తలుపు లోపలికి తీసింది. గుమ్మం నిండా తెల్లటి గోడ. కప్పు మీది మంచంతా ఒక్కసారిగా జారి వాకిట్లో పడింది. ఆమె పారతో ఆ గోడను పొడుస్తూ పకపకా నవ్వుతోంది. "చూడు లచ్చీ, నీ మంచు!"

లచ్చిరాం కళ్లార్పలేదు. వీడియో అయిపోతే మళ్లీ పెట్టాడు, మళ్లీ పెట్టాడు. ద్వాలి ఫోను చూడడం మానేసి అతని ముఖం చూసింది.

"నువ్వు ఇది ఎన్నడు సూడలే గదా?"

అతను ఫోను బోర్లా పెట్టాడు.

"నాలుగేండ్ల సంది మా అందరి చెవుల్ల పూలు వెట్టినవు!" అంది. తిడుతుందనుకున్నాడు. ఆమె అతని పక్కన కూర్చుని, "ఇంకోపాలి పెట్టు, సూద్దాం" అంది.

ఆ సాయంత్రమే ఆమాకు ఫోన్ చేశాడు. "మే నెలల వచ్చి వాలు ఎనక్కి తిప్పుత ఆమా. అందాక ఎవ్వరితోని ముట్టియ్యకు. నా తప్పు నేనే దిద్దుకుంట." పౌరుషం కదా, పనివాడి పౌరుషం. సరే అంది ఆమె.

ఆ మే నాటికి కరోనా వచ్చి దేశమంతా తలుపులు వేసుకుంది. పై ఏడు లచ్చిరాం వెంకటనారాయణ గారి కొట్టం మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలికి రెండుసార్లు ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. ఆ తరువాత ద్వాలికి గర్భసంచి ఆపరేషన్. చూస్తుండగానే ఐదు చలికాలాలు పోయాయి. ప్రతి చలికాలం మొదటి మంచు పడిన పొద్దున ఆమా ఫోన్ చేసేది. "లచ్చీ, నీ మంచు పడింది." తవ్వుకుంటున్నామని నవ్వుతూ చెప్పేది. పక్కింటివాళ్లు వాలు మారుస్తామంటే, కట్టినవాడు వస్తానన్నాడు అని చెప్పి పంపేసేదట. ఆ మాట విన్న రోజు లచ్చిరాంకి బువ్వ సహించేది కాదు. అయినా, నిజం చెప్పొద్దూ, ఆ ఫోన్ కోసం దీపావళి నుంచే ఎదురుచూసేవాడు. ఎలాగైనా ఒక్కసారి పోవాలి, ఆ వాలు తిప్పాలి. పొలం గట్టు మీద నిలబడినా, మంచం మీద ఉన్నా అదే యావ.

ఈ ఏడు ఆగస్టుకి కాలు కుదురుకుంది. ఖమ్మంలో ఉద్యోగం చేసే కొడుకు కోటేష్ ఢిల్లీకి టికెట్ తీశాడు. రేకు కత్తెర, డ్రిల్లు, సుత్తి, గీత కొట్టే సున్నపు దారం సంచీలో సర్దాడు లచ్చిరాం. బయల్దేరేది ఎల్లుండి అనగా, ఎన్నింటికి దిగుతానో చెబుదామని ఫోన్ చేశాడు. ఆమా కూతురు ఎత్తింది.

"అన్నా, ఇంక రావద్దు. పని అయిపోయింది" అంది. పోయిన మార్చిలో వాకిట్లో గడ్డకట్టిన మంచు మీద ఆమా జారి పడిందట. మణికట్టు విరిగిందట. లచ్చిరాంకి చెప్పొద్దని కూతురి చేత ఒట్టు వేయించుకుందట. ఇక తల్లి మాట వినకుండా కూతురే జూన్‌లో నేపాలీ పనివాళ్లను పెట్టి కప్పు వెనక్కి తిప్పించేసింది.

లచ్చిరాం సర్దిన సంచీ వైపు చూశాడు. ఎవ్వరితోని ముట్టియ్యకు అన్నది ఎవరు? తనే. ఆమె ఆ మాట పట్టుకుని కూర్చుంది, చేయి విరిగేదాకా.

ఆమా ఫోన్ అందుకుంది. "చేయి బాగైంది లచ్చీ. పారేం పట్టక్కర్లేదు ఇప్పుడు. నువ్వు మాత్రం రా. చలికాలం రా, మంచు చూద్దువుగాని."

"పని లేకుంట ఎట్ల వస్త ఆమా?" అన్నాడు. అతనికి నిజంగానే తెలియదు. యాభై రెండేళ్ల మనిషి, పుట్టి బుద్ధెరిగాక పనిముట్ల సంచీ లేకుండా ఏ ఇంటి గడపా తొక్కలేదు.

టికెట్ కొట్టేయించాడు. సంచీ దూలానికి తగిలించాడు. "పొమ్మంటె పోవు, ఉండుమంటె ఉండవు, ఏంది నీ కథ?" అని ద్వాలి రోజూ సతాయించింది. అతను వాకిట్లో కూర్చుని ఆ పాత వీడియో చూసుకునేవాడు. తండా వాళ్లు మంచు కథ చెప్పమంటే, "నేను సూడలే, అన్నీ అబద్ధాలే" అన్నాడు ఒక రోజు. వాళ్లు నమ్మలేదు. జోక్ అనుకుని నవ్వారు.

జనవరి రెండో వారంలో ఒక పొద్దున, చలిమంట దగ్గర కూర్చుని చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది.

"లచ్చీ, మంచు పడింది."

నీ మంచు అనలేదు. ఉత్త మంచు.

"ఎటు పడ్డది ఆమా?"

"వెనక్కి."

"గుమ్మం?"

"అడ్డం లేదు."

సంతోషించాలి కదా. ఐదేళ్లు ఆ మాట కోసమే కాదా తపించింది! లచ్చిరాం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఇంక నన్ను ఎందుకు యాద్జేస్తవు ఆమా" అన్నాడు. అనకూడదనుకుంటూనే అనేశాడు.

ఆమె అంది. "తలుపు తీస్తే మంచు అడ్డముండేది, నిన్ను తిట్టుకుంటూ తవ్వేదాన్ని లచ్చీ. పొద్దున్నుంచి నాతో నువ్వే ఉండేవాడివి. ఇవాళ తియ్యగానే దారి కనిపించింది. వాకిట్లో ఎవరూ లేరు."

లచ్చిరాం ఏడ్చాడు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, చలిమంట దగ్గరున్న నలుగురూ చూస్తుండగానే ఏడ్చాడు. ద్వాలి అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని తనకొచ్చిన హిందీలో, "రోడ్డు మూసిన్రా అమ్మా? గాలిమోటరు నడుస్తదా?" అని అడిగింది. నడుస్తుందని ఆమా చెప్పినట్టుంది. ఫోన్ పెట్టేసి కోటేష్‌కి చేసింది.

లచ్చిరాం లేచి ఇంట్లోకి పోయాడు. దూలానికి సంచీ వేలాడుతోంది. దాని వైపు చెయ్యి పోయింది, ఆగిపోయింది. పెట్టె మూత తీశాడు.

"స్వెట్టర్ ఏడ వెట్టినవే?" అని లోపలి నుంచి అరిచాడు.

"అడుగునుంది. నాక్కూడ ఒకటి తియ్యి" అంది ద్వాలి.