మిరపక్క సీసాలో కారం

మా ఊషీ నగరంలో పాత నూలు మిల్లు వీధికెళ్ళి థ్యెన్ కాయ్‌లియెన్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. మిరపక్క ఇల్లని అడిగితే మాత్రం గుమ్మం దాకా దిగబెట్టి వస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ పుట్టిల్లు కొండల మధ్య గ్వెయియాంగ్. అక్కడ కరెంటు పనికెళ్ళిన మా వీధి కుర్రాణ్ణి చేసుకుని, జడలు ముందుకు వేసుకుని, రైలు దిగి కాపురానికొచ్చింది. అత్తగారు ఆప్యాయంగా వడ్డించిన మాంసం మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "ఇందులో పొరపాటున పంచదార పడినట్టుందత్తయ్యా" అంది. పొరపాటు కాదు. మేం వేసుకుంటాం. మాంసంలో వేస్తాం, చేపలో వేస్తాం, ఆకుకూరలో కూడా చిటికెడు వేస్తాం.

మర్నాటి నుంచీ కాయ్‌లియెన్ చేతిసంచిలో ఒక గాజుసీసా ఉండేది. అందులో నూనెలో మునిగిన ఎర్రటి కారం. మిల్లులో పనికి చేరాక, అక్కడి క్యాంటీన్లో పళ్ళెం ముందు కూచుని, సీసా మూత తీసి, అన్నం ఎర్రబడేదాకా వేసుకుని, పక్కవాళ్ళ పళ్ళేల వంక జాలిగా చూసేది. మీది పథ్యం తిండి అనేది. పళ్ళు రాని పిల్లలకి పెట్టేది పెద్దవాళ్ళు తింటారా అనేది. కొత్తగా పనిలో చేరిన ఆడపిల్ల సరదాపడి ఆ కారం వేలితో నాకి, కుళాయి దగ్గరికి పరిగెడితే, ఆ రోజంతా కాయ్‌లియెన్‌కి పండగే.

మేం కూడా ఏమనుకోలేదు. పరాయి ఊరి పిల్ల, దానికున్నది ఆ నోరూ ఆ సీసానే అనుకున్నాం. కానీ యాచిన్ కొడుకు పెళ్ళిలో జరిగింది మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. ఫూ యాచిన్ దారాలు చుట్టే విభాగంలో కాయ్‌లియెన్ పక్క మరమీదే పనిచేసేది. వయసులో నాలుగేళ్ళు పెద్దది, నిదానస్తురాలు. పెళ్ళి విందుకి పంది పక్కటెముకల పాకం కూర హోటలు వాళ్ళకి అప్పజెప్పకుండా తనే రాత్రంతా కూచుని వండింది. గిన్నె బల్లమీదికి రాగానే కాయ్‌లియెన్ ఒక ముక్క కొరికి, గిన్నెని రెండు వేళ్ళతో అవతలికి జరిపి, ఆ బల్లా పక్క బల్లా వినేట్టు అంది:

"ఇది మాంసమా, మిఠాయా?"

అందరూ నవ్వారు. యాచిన్ కూడా నవ్వింది. గిన్నె తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అసలు సంగతి కాయ్‌లియెన్ ఒక్కదానికే తెలుసు. ఆ ముక్క నోట్లో కరిగిపోతుంటే మింగాలనిపించక చాలాసేపు బుగ్గన పెట్టుకుంది. అంతకు ముందే ఆవిడ కడుపులో పుండు పడింది. కారం ముట్టుకున్నావంటే కోసి కుట్టాల్సొస్తుందని డాక్టరు చెప్పాడు. మొగుడు బతిమాలితే మానేసింది. మానేశాక తెలిసింది, మా తీపి తనకి ఏనాడో అలవాటైపోయిందని. తలకి గుడ్డ కట్టుకుని, బస్సెక్కి, తననెవరూ ఎరగని పేటకెళ్ళి పాకం కూర కొనుక్కుని తినేది. క్యాంటీన్ సీసా మాత్రం మానలేదు. కారం లేని లావుపాటి ఎర్ర మిరపకాయలు తెచ్చి, గింజలన్నీ దులిపి, నూనెలో వేయించి, రంగు చాలకపోతే ఎర్రవేరు వేసి, చివర్లో చెంచాడు పంచదార కలిపేది. చూడ్డానికి నిప్పుల్లా ఉండేది. తింటే పిల్లల మురబ్బా.

ఇలా ఉద్యోగం అయిపోయింది, పింఛను వచ్చింది. సాయంత్రం పూట పార్కు ముందు మైదానంలో పాటలు పెట్టుకుని డాన్సు చేసే ఆడవాళ్ళ జట్టుకి కాయ్‌లియెనే పెద్ద. సీసా అక్కడికీ వచ్చేది.

ఒకరోజు షుయిఫెన్ ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. జట్టులో చిన్నది, మాటల పుట్ట. నైరుతి యాత్ర ఉందట, గ్వెయియాంగ్‌తో మొదలట, అక్కడి నుంచి కున్‌మింగ్, దాలీ. మన మిరపక్క ఉండగా గైడెందుకు, ఏ బండి దగ్గర ఏం తినాలో అక్కే చూపిస్తుందని అందరూ చప్పట్లు కొట్టారు. కాయ్‌లియెన్ సముద్రం చూద్దామే అని చూసింది. మోకాళ్ళంది. కొండదారులంది. అమ్మానాన్నలు పోయాక, ఉన్న ఒక్క తమ్ముడూ దక్షిణాన రేవు పట్నంలో స్థిరపడ్డాక, తను ఆ ఊరి మొహం చూసి పాతికేళ్ళు దాటిందని మాత్రం అనలేదు. కారం తినలేనని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ తన పేరే ఆ కారం. అది పోతే మా వీధిలో తనెవరు? షావో గారి భార్య. అంతే.

రైల్లో అట్టపెట్టె భోజనాలు రాగానే అలవాటుగా సీసా తీసి అన్నం ఎర్రగా చేసుకుంది. తింటూ ఉపన్యాసం మొదలెట్టింది. పట్టుపాపలని మా ఊరి తిండి ఒకటుందే, అంది. అరచేయంత పల్చటి రొట్టె, అందులో సన్నగా తరిగిన కూరముక్కలు, చేపవాసన వేసే వేరు. పాపాయిని గుడ్డలో చుట్టినట్టు చుట్టి, పైనుంచి పుల్లటి కారం నీళ్ళు పోసి, మొత్తం ఒకేసారి నోట్లో. కొరికినవాళ్ళు మా ఊళ్ళో మనుషులే కాదు. షుయిఫెన్ ఇదంతా వీడియో తీసింది. ఎదుటి సీట్లో యాచిన్ కిటికీ వైపు తిరిగి కూచుని, ఆ సీసా వంక ఒక్కసారి చూసి, మళ్ళీ కొండలు చూసుకుంది.

సాయంత్రానికి గ్వెయియాంగ్‌లో దిగారు. గైడు, మో అనే అతను, చేతిలోని జెండా దించి, నది పక్క బండ్ల వీధిలో వదిలిపెట్టి, ఎవరి ఇష్టం వచ్చింది వాళ్ళు తినండన్నాడు. ఇంకేముంది, అందరూ కాయ్‌లియెన్ వెనకాలే. మెడల్లో ఒకే రంగు పట్టు స్కార్ఫులు, బాతుల వరసలా. ఆ వీధి కాయ్‌లియెన్‌కి తెలియదు. తన చిన్నప్పుడు అక్కడ బొగ్గుల గోదాము ఉండేది. అయినా తడుముకోకుండా, జనం ఎక్కువున్న పట్టుపాపల బండి ముందు ఆగి, ఎప్పుడూ వచ్చే చోటే అన్నట్టు పొట్టి పీట లాక్కుని కూచుంది.

"అందరికీ ఊరి కారమే వెయ్యమ్మా. తగ్గించకు. తిండంటే ఏంటో వీళ్ళకి తెలియాలి."

బండామె నలభై దాటిన మనిషి. సరేనని ఒక్కొక్కరి ముందూ ఎర్రటి కారం నీళ్ళ గిన్నె పెట్టింది. మావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కానీ మిరపక్క ముందు వద్దనే ధైర్యం ఎవరికుంది?

కాయ్‌లియెన్ రొట్టె అరచేతిలో పరిచి, ముక్కలు పేర్చి, అందరికీ కనబడేలా చెయ్యి పైకెత్తి చుట్టింది. చెంచాతో కారం నీళ్ళు పోసింది. పోసిన నీళ్ళు పోసినట్టే అడుగునుంచి దిగి, ముంజేతి మీదుగా తెల్లటి జాకెట్టు చేతిలోకి పోయాయి. రొట్టె అడుగు మడవడం మరిచిపోయింది. పాపాయి కాళ్ళ దగ్గర గుడ్డ మడవకుండా ఎత్తుకునే తల్లి ఉండదు. ఆ ఊళ్ళో నడక రాని పిల్లకి కూడా తెలిసే పని అది.

"కాళ్ళు ముందు మడవాలి పెద్దమ్మా" అంది బండామె మెత్తగా. "మీరందరూ ఏ ఊరు?"

"వాళ్ళది ఊషీ. నాది ఇక్కడే" అంది కాయ్‌లియెన్, పుట్టింటి యాసలో.

బండామె ఆ యాస విని నవ్వింది. వాళ్ళ అమ్మమ్మ అలాగే మాట్లాడేదట, ఇప్పుడెవరూ అలా అనరట. అని, ఆ తడిసిన చేతి వంక చూసి, "అలాగా" అంది. కాయ్‌లియెన్ ముందున్న ఎర్రగిన్నె తీసేసి, చిన్నపిల్లల కోసం పక్కన పెట్టుకున్న తెల్లటి చారు గిన్నె అక్కడ పెట్టి, రొట్టెలు కాల్చుకోవడానికి పోయింది.

కొట్టినా బాగుండేది. కాయ్‌లియెన్ చెవులు రెండూ కాలిపోయాయి. చెయ్యి చాచి తన ఎర్రగిన్నె తను వెనక్కి లాక్కుంది. ఈసారి కాళ్ళు మడిచింది. నిండా పోసింది. మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుంది.

అదెటు పోయిందో అటంతా మంట. ముందు ముక్కు కారింది, తర్వాత కళ్ళు. తర్వాత వెక్కిళ్ళు మొదలయ్యాయి, భుజాలు ఎగిరేలా. మింగడానికీ లేదు, ఉమ్మడానికీ లేదు. ఎదురుగా అందరూ.

"ఏంటక్కా, ఏడుస్తున్నావా?" అంది షుయిఫెన్.

కాయ్‌లియెన్ తల ఊపింది. ఊపిరందాక, "ఎన్నేళ్ళకో వచ్చాను కదే. అమ్మ గుర్తొచ్చింది" అంది.

ఆ అబద్ధం ఎంత బాగా పండిందంటే, షుయిఫెన్ ఫోన్ దించేసి తనూ కళ్ళు తుడుచుకుంది. ఒకావిడ వీపు నిమిరింది. పుట్టిల్లు అంటే అంతే మరి, అంది ఇంకొకావిడ. అక్క కన్నీళ్ళకి మర్యాదగా మావాళ్ళంతా తలలు వంచుకుని, ఆ ఎర్రగిన్నెలు ఖాళీ చేయడం మొదలెట్టారు. చెమటలు కక్కుతూ. దగ్గు ఆపుకుంటూ. కాయ్‌లియెన్ అది చూసి లేచి, జాకెట్టు కడుక్కొస్తానని బండి వెనక కుళాయి దగ్గరికి పోయింది. చచ్చిపోయిన తల్లిని తెచ్చి కారానికి అడ్డం పెట్టుకున్నానే అనుకుంటే, ఈసారి కళ్ళ నీళ్ళు నిజంగానే వచ్చాయి.

చెయ్యి నీళ్ళ కింద పెట్టి రుద్దుకుంటుంటే పక్కన ఎవరో నిలబడ్డారు. యాచిన్. సంచిలోంచి పంచదార రేగుపండు ఒకటి తీసి, కాగితం విప్పి, కాయ్‌లియెన్ నోట్లో పెట్టింది. వెక్కిళ్ళు ఆగాయి.

"నీ సీసాలో కారం లేదని నాకెప్పుడో తెలుసే" అంది యాచిన్.

కాయ్‌లియెన్ కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"మావాడి పెళ్ళయ్యాక నాకు కడుపు మండిపోయింది. నువ్వు అన్నానికి వరసలో నిలబడ్డప్పుడు నీ సీసాలో గుప్పెడు పంచదార పోద్దామని మూత తీశాను. పోసే ముందు వేలితో నాకి చూశాను." యాచిన్ చేతి రుమాలు అందించింది. "అప్పటికే పోసి ఉంది. నాకు శ్రమ తప్పించావు."

"అప్పుడే అందరికీ చెప్పాల్సింది."

"చెబుదామనే అనుకున్నా. క్యాంటీన్ అంతా ఉంది, నోరు తెరిచాను కూడా. నువ్వు అన్నం తెచ్చుకుని కూచుని, సీసా తీసి, అలా చుట్టూ చూశావు. పోన్లే అనిపించింది. మా దగ్గర నువ్వు నీదని చెప్పుకోడానికి అదొక్కటేగా ఉంది."

"ఆ కూర..." అంది కాయ్‌లియెన్. యాచిన్ ఆ మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. వాళ్ళు మనకోసం చూస్తుంటారు పద, అని ముందుకు నడిచింది.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేది కాయ్‌లియెన్. దానికా నోరుంది. ఇన్నేళ్ళూ తను సీసా తీసి అందరినీ జాలిగా చూస్తుంటే, ఎదురుగా కూచున్న మనిషి తనని చూసి జాలిపడుతూ, తీపి అన్నం తింటూ ఊరుకుందని తెలిస్తే ఏ నోటితో ఏమనాలి?

మర్నాడు పొద్దున హోటలు పక్క సందులో పేగుల నూడుల్స్ కొట్టుకి వెళ్ళారు. గ్వెయియాంగ్‌లో రోజు మొదలయ్యేది దాంతోనే. మావాళ్ళ మొహాలు పీక్కుపోయి ఉన్నాయి. ఒకావిడ పొట్ట పట్టుకుని కూచుంది. గదికి ఒకే ఒక్క బాత్రూమ్ ఏమిటని ఇంకొకావిడ హోటలు వాళ్ళని గొణుగుతోంది. అక్కా నీ కడుపు రాయేమో అని షుయిఫెన్ నీరసంగా మెచ్చుకుంది. కొట్టతను కాగే కుండ వెనకనుంచి తల బయటికి పెట్టి, నూనె కారం ఎంత వెయ్యమంటారని అడిగాడు.

అందరి తలలూ కాయ్‌లియెన్ వైపు తిరిగాయి. వధ్యశిల ముందు మేకల్లా చూస్తున్నారు. ఆవిడ చెయ్యి సంచిలో ఉంది, సీసా మూత మీద. ఆ సీసా తీయడం ఎంతసేపు? ఎవరూ ఏమీ అడగరు. యాచిన్ కూడా అడగదు. అందుకే చెయ్యి ఖాళీగా బయటికి తీసింది.

"నాకు కారం వద్దు" అంది, మా ఊషీ యాసలోనే. "నేను తినలేను. తినక చాలా ఏళ్ళయింది. సీసాలో ఉన్నది కూడా కారం కాదు."

కాయ్‌లియెన్ బల్ల మీది చెక్కగీతలు చూస్తూ కూచుంది. నవ్వుతారు, నవ్వాలి, నవ్వనీ అనుకుంది. ఎంతకీ నవ్వు వినబడలేదు.

"అయితే నాకూ వద్దు బాబూ" అంది షుయిఫెన్ మెల్లగా. నాకూ వద్దు అంది పొట్ట పట్టుకున్నావిడ. ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి ఆ మాట చుట్టూ తిరిగింది. ఎవరి గొంతులోనూ వెటకారం లేదు, ప్రాణం లేచొచ్చిన సంతోషం తప్ప. నిన్న రాత్రి వీళ్ళలో ఒక్కరు కూడా ఇష్టపడి తినలేదన్నమాట. తను నోటితో ఎత్తిపొడుస్తుందని భయపడి తిన్నారు. నిన్నా, ఇన్నేళ్ళూ. కాయ్‌లియెన్ తల ఇంకాస్త కిందికి పోయింది.

"ఇంతమందిలో తినే మనిషే లేరా?" అన్నాడు కొట్టతను, గరిట గాల్లో పట్టుకుని.

"నాకు వెయ్యి" అంది యాచిన్. "నిండా వెయ్యి. నిన్నటిది బాగుంది."

గిన్నె వచ్చింది, ఎర్రగా, పైన నూనె తేలుతూ. యాచిన్ తీరిగ్గా నోటి నిండా పీల్చుకుంది. ముక్కు కొస చెమట పట్టింది. కంటి చివర నుంచి కాయ్‌లియెన్‌ని చూసి, ఆ బల్లా పక్క బల్లా వినేట్టు అంది:

"ఇవి నూడుల్సా, నిప్పులా?"

అప్పుడు నవ్వారందరూ. కాయ్‌లియెన్ కూడా నవ్వింది, మెడదాకా ఎర్రబడి. తెల్లటి గిన్నె దగ్గరికి లాక్కుని రెండు ముద్దలు తిన్నాక, మొహం పైకెత్తకుండానే, ఇంటికి పోయాక ఆ పాకం కూర ఇంకోసారి వండుతావా అని యాచిన్‌ని అడిగింది.

యాచిన్ నోట్లోది నమిలి మింగింది. తర్వాత, "చూద్దాం" అంది.