ప్రొడ్యూసర్ గారి చెవులు

కాలేజీ రేడియోలో చేరినప్పుడు, రెజ్యూమేలో రాసుకోవడానికి పనికొస్తుందని బేస్‌మెంట్‌లో నాతో కలిసి అద్దెకుండే అమ్మాయిలకి చెప్పాను. అసలు కారణం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రేడియోలో మనిషి ముఖం కనపడదు. కెనడా వచ్చిన మొదటి చలికాలమంతా నేను వెతుక్కున్నది అలాంటి చోటే.

ఆ ఏడాది టొరంటో పడమటి వైపు ఎటోబికోలో ఏ బస్సెక్కినా సగం మంది మాలాంటి స్టూడెంట్లే. క్లాసులో కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్ళం. శనివారాలు అందరూ వేర్‌హౌస్ షిఫ్టులకి పోతుంటే నేను జీతం లేని పనికి బయల్దేరడం మా వరంగల్ రూమ్‌మేట్‌కి వింతగా ఉండేది.

"ఇంట్లనే నోరు తెరవవు, రేడియోల ఏం మాట్లాడతవే?"

"మాట్లాడను. వింటాను."

"వినుడేనా? గట్లయితే మా అత్త ఫోన్ చేసినప్పుడు నువ్వే ఎత్తు. పుణ్యముంటది."

నేను పనిచేసింది ఎనభై దాటిన ఒక ఇంగ్లండ్ పెద్దాయన దగ్గర. కాలేజీ స్టేషన్‌లో శనివారం మధ్యాహ్నాలు ఆయన రేడియో నాటకాలు తీసేవారు. రికార్డింగ్ బటన్ నొక్కడం, స్క్రిప్టు కాగితాలు అందించడం నా పని. మొదటి రోజే నన్ను "డార్లింగ్" అన్నారు. బిక్కచచ్చిపోయాను. కాసేపటికి చెత్తబుట్టలు ఖాళీ చేయడానికి వచ్చిన మీసాల ఆయన్నీ అలాగే పిలవడంతో ఊపిరి పీల్చుకున్నాను. నేను "సర్" అంటే ఆయన నొచ్చుకున్నట్టు నటించేవారు.

"రాణిగారు నాకు ఆ బిరుదు ఇవ్వలేదు. చాలాకాలం ఎదురుచూశాను కూడా."

నటులు బస్సుల్లో వచ్చి చేరేలోపు తన సంగతులు చెప్పేవారు. ఇంగ్లండ్‌లో ఊరూరా తిరిగే నాటక బృందంలో ఆయన నటుడు. ఎక్కువగా నౌకరు వేషాలు. "మొదటి అంకంలోనే నన్ను చంపేసేవారు. అందుకే పబ్‌లో మంచి కుర్చీ ఎప్పుడూ నాదే." ఆ బృందం కెనడా వచ్చి, చలికాలం మధ్యలో చెల్లాచెదురైంది. ఆయన టొరంటోలో ఉండిపోయి రేడియోలో వేషం అడిగారు. మైకు ముందు నిలబడి, అలవాటు కొద్దీ హాల్లో ఆఖరి వరసకి వినపడేలా అరిచారట. స్టూడియో అద్దం అవతల, రికార్డింగ్ గదిలో ఇంజనీరు హెడ్‌ఫోన్స్ పీకేసుకున్నాడట. వేషం పోయింది కానీ, చప్పుళ్ళు చేసే పని దొరికింది. మొక్కజొన్న పిండి నింపిన గుడ్డసంచిని మైకు దగ్గర నొక్కితే మంచులో నడిచినట్టే ఉంటుందని చేసి చూపించారు. మా బస్‌స్టాపు దగ్గరి మంచు ఎప్పుడూ అంత అందంగా చప్పుడు చేయలేదు.

అలా అద్దం ఇవతలికి వచ్చిన మనిషి ప్రొడ్యూసర్ అయ్యారు. పెద్ద స్టేషన్లు నాటకాలు ఆపేశాక ఇక్కడికి చేరారు. రికార్డింగ్ జరుగుతున్నప్పుడు నటులకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని వినేవారు. ముఖం చూస్తే చెవి మోసపోతుందట. ఆ పద్ధతి నాకెంత నచ్చిందో చెప్పలేను.

ఆ చలికాలం చివర ఒక నాటకం మొదలుపెట్టారు. లైట్‌హౌస్‌లో ఇద్దరు ముసలి అన్నదమ్ములు, అంతే పాత్రలు. మొదటి రోజే నాతో అన్నారు.

"నా చెవి తప్పిన రోజు ఈ కుర్చీ వదిలేస్తాను. కాలు కుంటుపడినా ఫర్వాలేదు. చెవి తప్పితే మాత్రం కుదరదు."

రెండో సీనులో నా హెడ్‌ఫోన్స్‌లో సన్నగా ఈల వినపడింది. దోమ చెవి దగ్గరికొచ్చి ఆగిపోయినట్టు. సీను పూర్తయ్యేదాకా ఆగలేదు. ఆయన గోడ వైపు తిరిగి చిరునవ్వుతో వింటున్నారు. నటులిద్దరూ ఆయన వయసువాళ్ళే, వాళ్ళకీ తెలియలేదు.

"అద్భుతం," అన్నారు కళ్ళు తెరిచి. తర్వాత నా వైపు చూసి ఎప్పటిలాగే అడిగారు. "ఇంకేమైనా?"

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకేమైనా అని అడిగితే ఇక లేవండి అని అర్థం. ఏం లేదండీ అని లేవాలి. అందులోనూ పెద్దాయన అద్భుతమన్న దాన్ని నేను కాదనడమా? ఏం లేదు సర్ అన్నాను.

వారమంతా ఆ ఈల నాతోనే ఉంది. చెప్తే ఆయన కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఆయన నాటకం ఆ ఈలతోనే జనం చెవుల్లోకి వెళ్తుంది, తన పనికి ఆ మచ్చ అంటిందని ఆయన ఒక్కరికే తెలియదు. ఏది గౌరవమో నాకు తేలలేదు.

మరుసటి శనివారం ఆఖరి సీను అయింది. ఈల అలాగే ఉంది. నటులు కోట్లు తొడుక్కుంటున్నారు.

"ఇంకేమైనా?"

"ఉంది సర్." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈల లాంటిది వస్తోంది. పోయిన వారం నుంచీ."

ఆయన హెడ్‌ఫోన్స్ చెవులకి గట్టిగా అదుముకుని చాలాసేపు విన్నారు.

"ఎక్కడ?"

నేను లోపలికి వెళ్ళి, నటులకి స్క్రిప్టు కనపడాలని ఈ నాటకానికే బల్ల మీద కొత్తగా పెట్టిన కరెంటు దీపం ఆర్పాను. తిరిగొచ్చి విన్నాను. పోయింది.

"ఇప్పుడు లేదు సర్."

"నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయి," అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, పార్కింగ్‌లో కరుగుతున్న మంచుని కాసేపు చూశారు. తర్వాత నటుల్ని కోట్లు విప్పమన్నారు. ఒకాయన "నా బస్సు!" అని మూలిగితే, "నీ సమాధి దాకా బస్సులుంటాయి, కూర్చో," అన్నారు. రెండో సీను నుంచి మళ్ళీ తీశాం. ఈసారి ఆయన గోడ వైపు కాక నా ముఖం వైపు తిరిగి కూర్చున్నారు. సీను అయ్యాక బాగుందనలేదు, నన్నే అడిగారు. రెండుసార్లు మళ్ళీ తీయమన్నాను.

నాటకం శుభ్రంగా ప్రసారమైంది. ఆ సాయంత్రమే స్టేషన్ మేనేజర్‌కి తాళంచెవి ఇచ్చేసి, అన్నమాట ప్రకారం కుర్చీ వదిలేశారు. తర్వాత ఒటావా పక్కన కనాటాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు, మళ్ళీ కలవలేదు. తాళంచెవి ఇచ్చిన ఆ సాయంత్రం కారిడార్‌లో మఫ్లర్ చుట్టుకుంటూ, నేను క్షమాపణ చెప్పబోతుంటే చేత్తో ఆపేశారు.

"వచ్చేవారం నా చోటికి కుర్రాడొకడు వస్తాడు. వాడు నిన్ను ఏమీ అడగడు. అడక్కపోయినా చెప్పు."