సున్నం గీత దగ్గర పడే గేరు

షెడ్డన్న పోయాడని ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పింది. "మీ అన్న తెల్లారుజామున పోయినాడు పాపా, నిద్రలోనే. నువ్వు నిదానంగా రా. నీ కారు బాగలేదు కదా" అంది. భర్త పోయిన రెండు గంటలకే ఆమె నా కారు సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

సోమందేపల్లె దగ్గర హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో కార్లు బాగుచేసేవాడు కాబట్టి అందరికీ షెడ్డన్న. నాది ధర్మవరం, నేత కుటుంబం. కానీ నేను నేయలేదు. గుంత మగ్గం తొక్కడానికి రెండు కాళ్లూ కావాలి, నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. అందుకని చీరలకు డిజైన్లు గీయడం నేర్చుకున్నాను. వారానికోసారి సోమందేపల్లె మగ్గాలకు పట్టూ డిజైన్లూ ఇచ్చి రావడం నా పని. క్లచ్ తొక్కనక్కర్లేదని బెంగళూరులో ఒక పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. కొత్తది కొనే తాహతు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆటోమేటిక్ కారులో గేరు దానంతట అదే మారుతుందని మీకందరికీ తెలుసు. ఎప్పుడు మారాలో దానికి ఎవరు చెబుతారు? నేనెప్పుడూ ఆలోచించలేదు. నా పాత బండిలో ఆ మాట చెప్పేది ఒక తీగ. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే గేర్‌బాక్సు దగ్గర అది అంత లాగుతుంది. తీగ వదులైతే గేరు తొందరపడి ముందే మారుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండికి ఆయాసం వస్తుంది. మరీ బిగిస్తే ఇంజను గోలపెట్టాక గానీ మారదు, మారినప్పుడు వీపు మీద గుద్దినట్టుంటుంది. కొన్న ఏడాదికి నా కారుకు ఆయాసం పట్టుకుంది. చూసినవాళ్లంతా తూకానికి అమ్మేయమన్నారు. అన్న ఒక్కడే బానెట్ ఎత్తి, "దీనికేమీ రోగం లేదప్పా, వదులయింది, అంతే" అన్నాడు.

అయితే మొదట్లోనే మా ఇద్దరికీ పెద్ద గొడవ జరిగింది. అన్న తీగ నట్లు తిప్పి, తానే నడిపి చూసుకుని, "బంగారంలా పోతాండాది, తీస్కపో" అన్నాడు. పట్టు మూటలతో ఎత్తు ఎక్కేసరికి మళ్లీ అదే ఆయాసం. మూడుసార్లు వెనక్కి వెళ్లాను. మూడోసారి ఆయనకు విసుగొచ్చింది.

"బండి బాగానే ఉండాది పాపా. నువ్వు తొక్కేదే సరిగా లేదు."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వింటున్న మాట అది. బడి మెట్లు బాగానే ఉన్నాయి, మగ్గం బాగానే ఉంది, లోపమంతా నాలోనే ఉంది! "నాకు పనిచేసేది ఒక్క కాలేన్నా. అది సరిగానే తొక్కుతాది" అని తాళంచెవి లాక్కుని వచ్చేశాను. దారి పొడుగునా తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. చేతిలో పది నంబరు స్పానరు ఒక్కటే ఉంది. "నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. కళ్లు మూసుకుని, తల కిటికీకి ఆనించి, ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు. చాలాదూరం వెళ్లాక కళ్లు తెరిచాడు.

"తప్పు నాదే పాపా. కాలు నీది, కొలత నాది పెట్టినా. నాది ఎద్దు తొక్కుడు. నువ్వు పూలమీద తొక్కినట్ల తొక్కుతావు. దాని మాట ఆ తీగకు ఎట్లా ఇనపడుతాది?"

ఒక వస్తువును నా కాలికి తగ్గట్టు సరిచేస్తానని నా జీవితంలో మొదట అన్నది ఆ మనిషే. నేను కారాపి కాసేపు ఏడ్చాను. ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి షెడ్డుకు ఏ కారొచ్చినా అన్న మొదటి ప్రశ్న "నడిపేదెవురు?" అనే. యజమాని వచ్చి డ్రైవరు రాకపోతే, ఎంత పెద్దమనిషినైనా తిప్పి పంపేవాడు.

నా కారుకు మీటర్లేవీ పెట్టలేదు. షెడ్డు పక్క రోడ్డులో ఒక ఎత్తుంది, అక్కడొక కల్వర్టు. వదిన ఆకువక్కల సున్నం డబ్బా అడగకుండా ఎత్తుకుపోయి, కల్వర్టు గోడ నడిమధ్య వేలితో ఒక గీత గీశాడు. ఎత్తు మొదట్లో బయలుదేరితే మూడో గేరు ఆ గీత దగ్గరే పడాలి. తీగ నట్టును వారానికి పావు తిప్పు, అంతకు మించి తిప్పేవాడు కాదు. "మెత్తగా పోతాంటే బాగుందనుకోవద్దు. గేర్‌బాక్సు లోపల ప్లేట్లు కాలతాండేది అప్పుడే" అనేవాడు. గేరు గీత దగ్గర పడిన రోజున కూడా అయిపోయిందనలేదు, "వచ్చేవారం మళ్ల సూద్దాం" అన్నాడు. వదిన మాత్రం ఆ డబ్బా కోసం నెల రోజులు సాధించింది.

ఆర్నెల్ల కిందట అన్న మంచం పట్టాడు. అదే సమయానికి తీగ సాగి, కారుకు మళ్లీ ఆయాసం మొదలైంది. చూడటానికి వెళ్తే, "నువ్వే తిప్పుకో. మగ్గం ఇంట్లో పుట్టినదానివి, బిగువు సంగతి నీకు నేను నేర్పేదేంది?" అన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. గేర్‌బాక్సు కాలిందంటే నా పనీ పోతుంది, నా తిరుగుడూ పోతుంది. మళ్లీ నన్ను ఎవరో ఒకరు ఎక్కించుకుని దించాలి. అంత్యక్రియలకు కూడా ఆ రొప్పే కారులోనే వెళ్లాను.

దినాలు అయ్యాక వదిన నన్ను షెడ్డులోకి తీసుకెళ్లింది. గోడకు పది నంబరు స్పానరు వేలాడుతోంది. దాని మెడకు ఎర్ర పట్టుదారం కట్టి ఉంది, నా మూటల్లోదే. "ఇది నీ కారుదంట. ఎవురినీ ముట్టనీలేదు" అని నా చేతిలో పెట్టింది.

అక్కడే బానెట్ ఎత్తాను. పావు తిప్పు తిప్పి నట్టు బిగించాను. వదిన వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. ఎత్తు ఎక్కాం. గీతకు చాలా ముందే గేరు పడింది.

"ముందే పడింది కదా?" అంది వదిన. నలభై ఏళ్లుగా ఈ మాటలు విన్న మనిషి ఆమె. "వచ్చేవారం మళ్ల సూద్దాం" అని కూడా తనే అంది.

రెండోవారం ఇంకో పావు తిప్పితే, కల్వర్టు దాకా వచ్చి, గోడ మొదట్లోనే పడింది. మూడోవారం ఎత్తు మీద ఇంజను గొంతు సన్నగా పెరుగుతూ పోయింది. సరిగ్గా కల్వర్టు నడిమధ్య, చెయ్యి మార్చుకున్నంత నిమ్మళంగా గేరు మారింది.

"ఆపు" అంది వదిన.

వానలకు గీత సగం చెరిగిపోయి ఉంది. ఆమె దిగి, కొంగులోంచి సున్నం డబ్బా తీసి, పాత గీత మీదే వేలితో మళ్లీ గీసింది. తిరిగి వచ్చి కూర్చుంది. వేలికి ఇంకా కొంచెం సున్నం మిగిలింది. దాన్ని ఒక తమలపాకుకు రాసి, మడిచి, నోట్లో పెట్టుకుంది. అన్న పోయాక ఆమె ఆకు వేసుకోవడం అదే మొదటిసారి.

"ఇంగ పోనీ పాపా" అంది.