చాచా చేతిలో చక్కెర పలుకు

మా మేడమీది గదిని ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు విద్యార్థులకు అద్దెకిచ్చినప్పటి నుంచి, నిజామాబాదులోని మా గల్లీలో నాకు హితబోధ చేయని ఇల్లు లేదు. మొన్న పాలు పోసే ఆవిడ కూడా, మెట్ల మీద ఎదురుపడితే జడుపు కాదా అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను గాని, ఆ నవ్వు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. బోధన్ చుట్టుపక్కల చెరుకు మడుల మధ్య పెరిగిన నా ఈడువాళ్లకు ఆ జడుపు ఎట్లా నేర్పారో గుర్తుండే ఉంటుంది.

మాకు నేర్పింది మా అవ్వ. అన్నం ముందు మారాం చేస్తే, "తింటవా, హబ్షోన్ని పిలువన్నా? సంచిల ఏసుకపోతడు" అనేది. ఆ హబ్షీ ఊహలోని మనిషైతే ఏ బాధా ఉండేది కాదు, కాని ఆయన రోజూ మా ఊరి ముందు నుంచే చక్కెర ఫ్యాక్టరీకి సైకిలు మీద పోయేవాడు. ఆయన తాత ఎప్పుడో ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చి హైదరాబాదులో నిజాం కొలువులో చేరాడని పెద్దలు చెప్పుకునేవారు. నల్లని నలుపు, దగ్గరగా చుట్టుకున్న జుట్టు, ఆరడుగుల పొడుగు. దూరాన ఆయన కనబడగానే పిల్లలమంతా చెరుకులో దూరి, హబ్షీ హబ్షీ అని అరిచేవాళ్లం. ఒకనాడు నేను విసిరిన మట్టిపెడ్డ ఆయన చెవికి తగిలి, సైకిలు తూలి, హ్యాండిలుకున్న టిఫిను కింద పడింది. ఆయన దిగి, ఒలికిన అన్నం ఓ పక్కకు తీసి, గిన్నె తుడుచుకుని, మా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. తిట్టలేదు. తిట్టకపోవడం కూడా ఆయన జిత్తులమారితనమేనని మేము తీర్మానించుకున్నాం. ఒక మనిషి చెడ్డవాడని ముందే నమ్మినవాళ్లకు అతని మంచితనం కూడా సాక్ష్యంగానే పనికొస్తుంది.

తరువాత నేను బీయెస్సీ చదివి, మా బాపు చెరుకు బండ్లు తోలుకుపోయిన ఆ ఫ్యాక్టరీలోనే ల్యాబులో కెమిస్టుగా చేరాను. మొదటి రోజే నన్ను పైఅంతస్తుకు పంపారు. అక్కడ ఇంటి గది అంతేసి పాన్‌లలో చెరుకు రసం చిక్కబడి చక్కెర పలుకు కడుతుంది. ఆ పలుకు కట్టించేవాణ్ణి పాన్‌మేన్ అంటారు. ఎదురుగా చూస్తే ఆ సైకిలు మనిషే. అందరూ ఆయనను చాచా అంటున్నారు. గాజుపలక మీద పాకం చుక్క వేసి నాకు అందించాడు. ఆయన వేళ్ల నుంచి ఆ పలక అందుకోవడానికి నా చేయి లేవలేదు. బల్ల మీద పెట్టమన్నాను. పెట్టాడు. మరునాటి నుంచి నేను చెప్పకముందే బల్ల మీదనే పెట్టేవాడు. చదువుకున్నవాణ్ణన్న గర్వం ఉన్న నాకు, ఆయనకు నా ఏవగింపు తెలిసిపోయిందన్న తలంపు కూడా రాలేదు.

నెల తిరగలేదు, ఒక ఉదయం నా లెక్కల ప్రకారం పాకం ఇంకా పలచగా ఉందనిపించి, మరికాస్త చిక్కబెట్టమని ఆయనకు చెప్పాను. ఆయన పాన్‌కున్న గాజుకిటికీలోంచి చూసి, "జర ఆగుండ్రి సాబ్, దాణా ఇంక కుదురుకోలే" అన్నాడు. పలుకును ఆయన దాణా అనేవాడు. నేను గొంతు పెంచి చెప్పింది చేయమన్నాను. పావుగంట గడిచేసరికి అసలు పలుకుల నడుమ సన్నని పిండిలాంటి పలుకు పుట్టుకొచ్చి, పాన్ అంతా పాడయ్యే స్థితి వచ్చింది. ఇన్‌చార్జి పరుగున వచ్చి ఎవరి నిర్వాకమని కేక పెట్టాడు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. చాచా నన్ను వెనకేసుకురాలేదు, నా మీదికి తోసెయ్యనూ లేదు.

"కొత్త సాబ్ తొందరపడ్డరు. నేను తెలిసి గూడ ఆపలే. ఇద్దరి తప్పు. గంట సేపియ్యుండ్రి, మంచిగ చేస్త" అన్నాడు.

ఆ గంటను నేను మరచిపోలేదు. వేడినీళ్లు కొద్దికొద్దిగా లోపలికి వదులుతూ, పాన్ గోడకు చెవి ఆనించి ఉడుకు చప్పుడు వింటూ, మాటిమాటికీ చుక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలుపుతూ, తల్లి జ్వరం బిడ్డను కనిపెట్టుకున్నట్టు దాన్ని కనిపెట్టుకున్నాడు. ఉన్నట్టుండి, "ఇటు రా బేటా" అని నా చేయి పట్టుకుని, నా వేళ్ల మధ్య వెచ్చని చుక్క వేసి, పైన తన వేళ్లు ఉంచి మెల్లగా నలిపించాడు. పిండి కరిగిపోయింది. ఇసుక రేణువుల్లా, ఒక్క తీరుగా, అంచులున్న పలుకులు నా వేళ్లకు తగిలాయి. కిటికీ దగ్గర గాజుపలక ఎత్తి పట్టుకుంటే ప్రతి పలుకూ పొద్దుటి ఎండను విడివిడిగా మోస్తూ మెరిసింది. రసంలో లేని ఆకారం ఎక్కడి నుంచి వచ్చిందో బీయెస్సీ చదివిన నాకు అంతుపట్టలేదు. ఆయన చేయి నా చేతిని ఇంకా వదల్లేదన్న సంగతి చాలాసేపటికి గాని గమనించలేదు. చిన్ననాటి నుంచి ఎదురుచూసిన ఏవగింపు ఎంతకూ రాలేదు.

మధ్యాహ్నం ఆయన టిఫిను విప్పుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చుని, మట్టిపెడ్డ సంగతి చెప్పి, అది నేనేనన్నాను. ఆయన రొట్టె తుంచుతూ నన్ను తేరిపార చూశాడు.

"ఎంతమంది పోరగాండ్లు కొట్టిండ్రో బేటా. నువ్వు యాదికొస్తలేవు" అని, సగం రొట్టె నా చేతిలో పెట్టాడు.

క్షమించానన్నా, కోప్పడ్డా నా మనసు తేలికయ్యేది. ఆ ఎంతోమందిలో ఒకణ్ణిగా మిగిలి, ఆయన పెట్టిన రొట్టె తిన్నాను.

ఆ పైన ఆయన రిటైరై హైదరాబాదు వెళ్లిపోయేదాకా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మూతబడింది, చెరుకు మడుల్లో మక్కజొన్న, వరి వేస్తున్నారు, పాకాన్ని వేళ్లతో చదవగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల మిగిలారో లేదో తెలియదు. ఈ కాలపు పిల్లలకు హబ్షీ అనే మాట తెలియకపోవచ్చు, వాళ్ల జడుపులు వాళ్లకు ఫోన్లలో దొరుకుతున్నాయి. వాళ్లను అనడానికి నాకు నోరు రాదు. అన్నేళ్లు ఆయన పక్కన నిలబడి పలుకు గురించి వేయి ప్రశ్నలు అడిగాను గాని, ఆయన తాత ఏ తీరం నుంచి వచ్చాడో, మా ఊరి ముందు నుంచి పోతున్నప్పుడు ఆయనకు ఎట్లా ఉండేదో ఒక్కనాడూ అడగలేదు. భయం పోతే చాలుననుకున్నాను. భయం పోయిన తరువాత మనిషిని తెలుసుకోవలసిన పని మొదలవుతుందని, అడిగితే చెప్పేవాడు లేకుండా పోయాకే నాకు తెలిసింది.